ఆరు నుంచి ఏడు దాకా

2012 సెప్టెంబర్ 28, శుక్రవారం

తొంభై రెండు రాత్రులు ఎక్కడ పడుకుంటానో ఈ రోజు రాసి ఇచ్చాను. అక్టోబర్, నవంబర్, డిసెంబర్. అశోక్‌నగర్ నెట్ సెంటర్‌లో రెండున్నర గంటలు పట్టింది. చుట్టూ అందరూ గవర్నమెంట్ పరీక్షల అప్లికేషన్లు నింపుతున్నారు. పక్క సీటు ఆయన నా స్క్రీన్ చూసి ఇది ఏ నోటిఫికేషన్ అని అడిగాడు. వేర్‌అబౌట్స్ అన్నాను. లాస్ట్ డేట్ ఎప్పుడన్నాడు.

ఇరవై కిలోమీటర్ల నడకలో నేషనల్ మెడల్ వచ్చినప్పటి నుంచి నా పేరు డోపింగ్ ఏజెన్సీ లిస్టులో ఉంది. లిస్టులో ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి ఆన్‌లైన్‌లో రాయాలి. ఏ రాత్రి ఏ ఇంట్లో, ఏ పూట ఏ గ్రౌండ్‌లో, ఎక్కడ ఉద్యోగం. ఇవి కాక రోజూ ఒక గంట. ఆ గంట, రాసిన చోట కచ్చితంగా ఉండాలి. టెస్టు చేసేవాళ్లు ఎప్పుడైనా వస్తారు. చెప్పి రారు. మనిషి దొరక్కపోతే ఒక మిస్. పద్దెనిమిది నెలల్లో మూడు మిస్‌లయితే మందు ముట్టకపోయినా ముట్టినట్టే. రెండేళ్ల దాకా బ్యాన్.

నా గంట ఉదయం ఆరు నుంచి ఏడు. ఏడు తర్వాత ఇందిరా పార్క్‌లో నడక. తొమ్మిదింటికి నారాయణగూడ స్కూల్లో పీటీ టీచర్ పని.

చివర్లో అదనపు వివరాలు అని ఒక డబ్బా ఉంటుంది. "రెండో అంతస్తు, మెట్ల పక్క గది. బెల్ పనిచేయదు. సంధ్యా అని కేకేయండి" అని రాశాను. సంధ్య నా రూమ్మేట్. గ్రూప్-టూకి చదువుతోంది. హాస్టల్లో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు నేను పొద్దున్నే నడుము తిప్పుకుంటూ నడిచే మాసమ్మను.

మేలో నేషనల్ ట్రైనింగ్ క్యాంప్ వదిలేసి వచ్చాను. జగన్మోహన్ సార్ అక్కడ కోచ్. ఆయన మీద కంప్లైంట్ రాసి ఇచ్చి వచ్చాను. విచారణ జనవరిలో అన్నారు. అందాకా ఆయన్ని క్యాంప్ నుంచి తీసి అథ్లెటిక్స్ ఫెడరేషన్ హైదరాబాద్ ఆఫీసులో కూర్చోబెట్టారట. ఇంతకంటే ఇక్కడ రాయను.

సెప్టెంబర్ 30, ఆదివారం

తెలంగాణ మార్చ్. హాస్టల్ మొత్తం నెక్లెస్ రోడ్డుకు పోయింది. సంధ్య తడిసి ముద్దయి వచ్చింది. నేను పోలేదు. రోడ్లు మూసేస్తే తెల్లారి ఆరింటికి గదిలో ఉండలేనేమోనని.

అక్టోబర్ 9, మంగళవారం

ఆరు పది. బకెట్ పట్టుకుని బాత్‌రూమ్ లైన్‌లో ఉన్నాను. కింద నుంచి సంధ్యా, సంధ్యా అని ఎవరో పిలిచారు. సంధ్య దిగి వెళ్లి, నీ కోసమే అంది.

వచ్చినామె పేరు పద్మ. డోపింగ్ కంట్రోల్ ఆఫీసర్. యాభై ఏళ్లుంటాయి. కాటన్ చీర, భుజానికి పెద్ద బ్యాగు. సంతకం పెట్టిన క్షణం నుంచి నేను ఆమె కంటి ముందు నుంచి కదలకూడదు. బాత్‌రూమ్ తలుపు వేసుకోకూడదు. టీషర్టు ఛాతీ దాకా, ప్యాంటు మోకాళ్ల దాకా. మూత్రం ఒంట్లోంచి రావడం ఆమె కళ్లతో చూడాలి. అది రూల్.

ఆరుగురు లైన్‌లో నిలబడి ఉన్నారు. నాకు రాలేదు. బాటిల్ నీళ్లు తాగాను. మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం. టిఫిన్‌కు ఏం పెడతారని అడిగింది. ఉప్మా అన్నాను. అంతే మాట్లాడుకున్నది. యాభై నిమిషాలకు వచ్చింది.

సీసాలకు సీళ్లు వేసి, పేపర్ మీద సంతకం తీసుకుని, సారీ అమ్మా అంది. దేనికో చెప్పలేదు.

తర్వాత అమ్మాయిలు జబ్బా అని అడిగారు. ఒకామె కడుపా అని కూడా అడిగింది.

రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. నా పేరు అడిగి ఈ హాస్టల్‌కు వచ్చిన మొదటి మనిషి పద్మ గారు.

అక్టోబర్ 12, శుక్రవారం

తెలియని నంబర్ నుంచి ఎస్సెమ్మెస్. టెస్ట్ అయిపోయిందట కదా, గుడ్. హాస్టల్ బెల్ ఇంకా బాగు చేయించలేదా. కింద జె.ఎం. అని ఉంది.

జె.ఎం. అంటే జగన్మోహన్.

అక్టోబర్ 13, శనివారం

ఆరున్నరకు బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్లాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర అతను. గ్లాసు ఎత్తి చూపించాడు.

కిందికి దిగకపోతే పైకి వస్తాడనిపించి దిగాను. చాలా మెత్తగా మాట్లాడాడు. బిడ్డ లాంటిదానివి అన్నాడు. ఫిబ్రవరిలో ఢిల్లీలో ట్రయల్స్, ఆ తర్వాత జపాన్‌లో ఆసియా పోటీలు, ఈ గొడవలు మనసులో పెట్టుకుంటే టైమింగ్ పడిపోతుందన్నాడు. ఆ కాగితం వాపస్ తీసుకుంటే అందరికీ మంచిదన్నాడు. నేను ఉన్న చోటు ఎలా తెలిసిందని అడగలేకపోయాను. అతని ముందు నాకు గొంతు రాదు.

ఇందిరా పార్క్‌లో నాలుగు రౌండ్లకే ఆపేశాను. నడకలో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి. ఈ రోజు రెండు పాదాలూ నావి కావు.

అక్టోబర్ 14, ఆదివారం

పద్మ గారు చెప్పి ఉంటుందా? మెట్ల మీద అంత మంచిగా కూర్చుంది.

అక్టోబర్ 20, శనివారం

హాస్టల్ ఖాళీ చేశాను. సంధ్యకు ఊరికి పోతున్నానని అబద్ధం చెప్పాను. నల్లకుంటలో ఒక పాత ఇల్లు, వెనక మేడ మీద గది. ఓనర్ పేరు లక్ష్మవ్వ. డెబ్బై దాటాయి, చెవులు వినపడవు. ఆమెకు నా పేరు కూడా సరిగ్గా తెలియదు, రాజమ్మా అని పిలుస్తోంది. బాగానే ఉంది.

స్కూల్లో చెప్పలేదు. మా అన్న ఎల్లేశం బోర్‌వెల్ లారీ మీద ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కడో ఉన్నాడు, ఫోన్ కలవదు. నాకు ఉన్నది అన్న ఒక్కడే.

నెట్ సెంటర్‌కు వెళ్లి అడ్రస్ మార్చాను. డబ్బాలో రాశాను: "ఓనర్‌కు చెవులు వినపడవు. గేటు తోసుకుని లోపలికి రండి."

అక్టోబర్ 27, శనివారం

ఎస్సెమ్మెస్. నల్లకుంట మంచి ఏరియానే. కానీ ఓనరమ్మకు చెవులు వినపడవట, ఒంటరిగా ఉన్నావు, జాగ్రత్త.

మూడుసార్లు చదివాను. ఫోన్ మంచం కింద పెట్టాను.

ఈ అడ్రస్ నేను ఏ మనిషికీ చెప్పలేదు. కంప్యూటర్‌కు మాత్రమే చెప్పాను.

అక్టోబర్ 28, ఆదివారం

క్యాంప్‌లో నాతో పాటు నడిచే పంజాబ్ అమ్మాయికి ఫోన్ చేశాను. మన వేర్‌అబౌట్స్ ఎవరు చూస్తారని అడిగాను. ఏజెన్సీ చూస్తుంది, ఫెడరేషన్ కూడా చూస్తుంది, మనం మర్చిపోతే గుర్తు చేయడానికి అంది. దక్షిణాది అమ్మాయిలవి జూలై నుంచి జగన్మోహన్ సారే చూస్తున్నారు, నీకు తెలీదా అంది. తర్వాత ఇక నాకు ఫోన్ చేయకు, ఇక్కడ అందరూ అడుగుతున్నారు అంది.

పద్మ గారిని అనుమానించాను.

నవంబర్ 6, మంగళవారం, ఉదయం 9

ఐదు యాభైకి కిటికీ తీశాను. సందు మొదట్లో స్కూటర్. దాని మీద అతను కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. చీకటి పూర్తిగా పోలేదు. ఆ వెలుతురులో పేపర్ కనిపించదు.

గేటు తోసుకుని లోపలికి రండి. నేనే రాశాను.

చెప్పులు చేత్తో పట్టుకుని మేడ దిగి వెనక గోడ దూకాను. శంకర్‌మఠ్ దాకా ఆగలేదు. పరుగెత్తాలని తోచలేదు. పదేళ్లుగా నేర్చుకున్న నడకే వచ్చింది. పూలు అమ్మే ఆమె నన్ను చూసి నవ్వింది.

ఏడున్నరకు తిరిగి వచ్చాను. సందు ఖాళీ. లక్ష్మవ్వ చేతులు తిప్పుతూ చెప్పింది. బ్యాగు ఉన్న ఒకామె వచ్చి ఏడింటి దాకా మెట్ల మీద కూర్చుని పోయిందట.

పద్మ గారు. ఇన్ని రోజుల్లో ఈ రోజే.

నవంబర్ 13, మంగళవారం

దీపావళి. మెయిల్ వచ్చింది. మొదటి మిస్. కారణం ఉంటే పద్నాలుగు రోజుల్లో రాయాలట.

"వ్యక్తిగత కారణాలు" అని రాశాను. ఇంగ్లిష్‌లో రెండే మాటలు. ఇంకో మాట రాస్తే దాని వెనక ఇంకోటి రాయాలి, దాని వెనక ఫిజియో గది రాయాలి. రాసేది మళ్లీ ఆ ఆఫీసులోనే చదువుతారు.

నవంబర్ 19, సోమవారం

నల్లకుంట గది వదిలేసి మళ్లీ అశోక్‌నగర్‌లో ఉన్నాను. సంధ్య గదిలో, సంధ్య మంచం మీద సగం. వార్డెన్‌కు తెలియదు. ఊరి నుంచి ఇంత తొందరగా వచ్చావేంటని సంధ్య అడిగింది, మళ్లీ అడగలేదు.

కంప్యూటర్‌లో ఇంకా నల్లకుంట అనే ఉంది. మార్చి రాస్తే అతనికి తెలుస్తుంది. రాయకపోతే టెస్టు మిస్ అవుతుంది. రెండు రోజులు నెట్ సెంటర్ ముందు నుంచి నడిచాను. లోపలికి వెళ్లలేదు.

నవంబర్ 29, గురువారం

రెండో మిస్. ఇరవై రెండున నల్లకుంటకు వచ్చి పోయారట.

డిసెంబర్ 8, శనివారం

అతను ఫోన్ చేశాడు. రెండు అయిపోయాయి కదమ్మా అన్నాడు. మూడోది కాకుండా చూసే బాధ్యత తనదన్నాడు. టెస్టులు ఎప్పుడో తనకు కొంచెం అంచనా ఉంటుందన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు. విచారణకు ముందే ఆ కాగితం వాపస్ తీసుకుంటే చాలన్నాడు.

ఆలోచిస్తాను సార్ అన్నాను. అన్నాను. ఈ మాట నేనే అన్నాను.

డిసెంబర్ 15, శనివారం

వాపస్ తీసుకుంటే ఏం పోతుంది? నాలుగు లైన్ల కాగితం. ఢిల్లీలో నడవొచ్చు. జపాన్ చూడొచ్చు. నడవడం తప్ప నాకు ఏమీ రాదు.

డిసెంబర్ 29, శనివారం

బస్సులో అఘాయిత్యానికి గురైన ఢిల్లీ అమ్మాయి చనిపోయింది. హాస్టల్లో ఎవరూ టిఫిన్ తినలేదు. చిక్కడపల్లి లైబ్రరీ ముందు అమ్మాయిలు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. సంధ్య నా చేతిలో ఒకటి పెట్టింది. అందరూ ఏదో ఒకటి మాట్లాడుతున్నారు. నేను కొవ్వొత్తి ఆరిపోకుండా చూసుకున్నాను. అదొక్కటే చేశాను.

డిసెంబర్ 30, ఆదివారం

సంధ్యకు చెప్పాను. మొదటి నుంచి.

క్యాంప్‌లో ఫిజియో గది. తొడ కండరం పట్టేసింది. మసాజ్ చేసే ఆమెను జగన్మోహన్ టీకి పంపించాడు. తలుపు గడియ వేశాడు. నేను బోర్లా పడుకుని ఉన్నాను, టవల్ మాత్రమే ఉంది. చేతులు ఎవరివో తెలిసే లోపు తొడ దాటి పైకి వచ్చాయి. అరిచాను. గడియ తీసి, ఏమీ జరగనట్టు విజిల్ వేసుకుంటూ వెళ్లిపోయాడు. రెండు నిమిషాలు కూడా కాదు. కంప్లైంట్‌లో నాలుగు లైన్లు పట్టింది. ఆ నాలుగు లైన్లకు ఏడు నెలలు.

నేను ఏడుస్తానేమోనని సంధ్య చూసింది. ఏడవలేదు. అప్పుడు ఫోన్ అడిగి ఎస్సెమ్మెస్‌లు అన్నీ చదివింది. నల్లకుంట దగ్గర ఆగింది.

"అక్కా, గా ముసలామెకు చెవులు వినపడయని నాకే తెల్వదు. గీనకు ఎట్ల తెలిసింది? ఇది డిలీట్ చేయకు. నీ దగ్గర ఉన్న సాక్ష్యం ఇదొక్కటే."

తర్వాత తన నోట్సు తీసింది. ప్రైవసీ అనే మాట రాజ్యాంగంలో లేదట, కానీ ఆర్టికల్ 21లో అది కూడా ఉన్నట్టేనని కోర్టులు అన్నాయట. రెండు మార్కుల ప్రశ్నగా వస్తుందట. స్టేషన్‌లో రోజూ సంతకం పెట్టే రౌడీషీటర్లకు కూడా ఇన్ని వివరాలు అడగరంది. మిస్ అయిన రోజు ఆఫీసర్ ఒక రిపోర్టు రాస్తుంది కదా, దాని కాపీ అడిగే హక్కు నీకుంటుందంది. లెటర్ తనే రాసింది. ఇంగ్లిష్ బాగుంది.

డిసెంబర్ 31, సోమవారం

జనవరి నుంచి మార్చి దాకా ఫారం నింపడానికి ఈ రోజే ఆఖరు. ఏం రాయాలో రాత్రంతా ఆలోచించాను.

నిజమే రాశాను. అశోక్‌నగర్ హాస్టల్, రెండో అంతస్తు, ఆరు నుంచి ఏడు. వార్డెన్‌తో మాట్లాడి మళ్లీ నా పేరు రిజిస్టర్‌లో ఎక్కించాను. డబ్బాలో ఇలా రాశాను: "లోపలికి రానక్కర్లేదు. గేటు దగ్గరే నిలబడి ఉంటాను."

2013 జనవరి 1, మంగళవారం

నిలబడ్డాను. చలి. ఎవరూ రాలేదు.

జనవరి 4, శుక్రవారం

నాలుగో రోజు. పాల ప్యాకెట్లు వేసే ఆయన ఎవరి కోసమమ్మా అని అడిగాడు. తెలియదన్నాను.

జనవరి 8, మంగళవారం, ఉదయం 7.30

వచ్చాడు. ఆరు ఇరవై. స్కూటర్‌కు స్టాండ్ వేసి, నవ్వి, "బెల్ ఇంక బాగు కాలేదా?" అన్నాడు.

వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చి ఉంది. హాస్టల్ అమ్మాయిలు బిందెలతో నిలబడి ఉన్నారు. సంధ్య మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. పుస్తకంలో ఫోన్.

నేను గొంతు పెంచలేదు. పెంచితే పోతుందని భయం.

"బెల్ సంగతి మీకెవరు చెప్పిన్రు సార్?"

"ఏందమ్మా పొద్దుగాల్నే."

"నల్లకుంటల ముసలామెకు చెవులు వినపడవని ఎవరు చెప్పిన్రు?"

అతను బిందెల వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఫెడరేషన్ లాగిన్ నా దగ్గరుంటది. మీరు యాడ తింటరో యాడ పంటరో చూసుడు నా డ్యూటీ."

"చూసి ఇంటి ముంగట నిలబడుడు గూడ డ్యూటీయేనా సార్?"

"నీ మంచికే వచ్చిన మాసమ్మా. ఒక్క మిస్సే మిగిలింది నీకు. ఆ కాయితం వాపస్ తీసుకో. నేను ఊకుంట."

"తీసుకోను సార్."

అంతే అన్నాను. ట్యాంకర్ పైపులోంచి నీళ్లు రోడ్డు మీదికి పోతున్నాయి. ఎవరూ బిందె పట్టడం లేదు. తొంభై మంది అమ్మాయిలు అతన్నే చూస్తున్నారు. కడుపా అని అడిగినామె బిందె కింద పెట్టి నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

అతను స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను కదల్లేదు. టైం ఆరు ఇరవై ఆరు. ఏడింటి దాకా అక్కడే ఉండాలి.

సంధ్య తీసిన వీడియోలో అతని బూట్లు, మెట్టు, ఆమె వేలు కనిపిస్తాయి. మాటలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

జనవరి 16, బుధవారం

నవంబర్ ఆరు రిపోర్టు కాపీ మెయిల్‌లో వచ్చింది. నెట్ సెంటర్‌లో సంధ్యను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకున్నాను.

పద్మ గారి చేతిరాత, స్కాన్ చేసిన కాపీ. ఆమె ఇలా రాసింది: ఆరు పన్నెండుకు చేరాను. గేటు దగ్గర ఒక మగ మనిషి నిలబడి ఉన్నాడు. తాను ఫెడరేషన్ నుంచి అని చెప్పాడు. ఈ క్రీడాకారిణి టైం ఆరు నుంచి ఏడు అని, పై గదిలో ఒంటరిగా ఉంటుందని నాకు చెప్పాడు. ఈ వివరాలు ఇతనికి తెలియడం సరికాదని నా అభిప్రాయం. ఆరు నలభైకి వెళ్లిపోయాడు. స్కూటర్ నంబర్ ఇది.

నంబర్ కూడా రాసింది.

రెండు నెలలుగా ఈ కాగితం ఏదో ఫైల్లో ఉంది. నేనేమో వ్యక్తిగత కారణాలు అని రాశాను.

జనవరి 21, సోమవారం

విచారణ. స్టేడియం వెనక ఒక గది. ముగ్గురు పెద్దమనుషులు, ఒక మేడమ్. సంధ్యను లోపలికి రానివ్వలేదు. జగన్మోహన్ నా ఎదురుగా, నాలుగు అడుగుల దూరంలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా.

ఫిజియో గది గురించి అడిగినవే అడిగారు. గడియ వేశాడని ఎలా తెలుసు, నువ్వు బోర్లా ఉన్నావు కదా అన్నారు. చప్పుడు విన్నానన్నాను. మసాజ్ అంటే చేతులు తగులుతాయి కదా, పొరపాటు పడ్డావేమో అన్నారు. ఆయన మసాజ్ చేసే మనిషి కాదు, కోచ్ అన్నాను.

తర్వాత వీడియో పెట్టాను. టేబుల్ మీద చిన్న ఫోన్, అందరూ వంగి విన్నారు. అయిపోయాక అందులో పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఒక మనిషి మాటలు ఆయనకు చెప్పకుండా రికార్డు చేయడం ప్రైవసీకి భంగం కదమ్మా అన్నారు.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. బాత్‌రూమ్ తలుపు తీసి కూర్చునే మనిషి ముందు ఆ మాట అంటే ఏం చేస్తాను? నవ్వినందుకు సారీ చెప్పాను.

మేడమ్ మాత్రం పద్మ గారి రిపోర్టు తీసుకుని రెండుసార్లు చదివింది. జగన్మోహన్‌ను ఒకే ప్రశ్న అడిగింది. ఆ రోజు నల్లకుంటలో మీ డ్యూటీ ఏంటి అని. అతను చాలాసేపు మాట్లాడాడు. జవాబు చెప్పలేదు.

బయటికి వస్తే సంధ్య పల్లీలు కొనుక్కుని చెట్టు కింద కూర్చుంది. పొట్లం నా ముందు పెట్టింది.

ఫిబ్రవరి 4, సోమవారం

లెటర్. మొదటి మిస్ కొట్టేశారు. పరిపాలనా కారణాల వల్ల జగన్మోహన్‌ను ఆన్‌లైన్ పని నుంచి తప్పించారు. క్యాంపులకు, ట్రయల్స్‌కు రెండేళ్లు రాకూడదు. ఫిజియో గది సంగతి "నిర్ధారణ కాలేదు". ఇకపై మా వివరాలు ఏజెన్సీలో ఇద్దరే చూస్తారట, వాళ్ల పేర్లు కూడా ఇచ్చారు.

సారీ అనే మాట ఎక్కడైనా ఉందేమోనని సంధ్యతో వెతికించాను. లేదు.

గెలిచినట్టేనా అని సంధ్య అడిగింది. తెలియదు. ఈ రోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ టీ కొట్టు వైపు చూడలేదు. అది అయితే నిజం.

ఫిబ్రవరి 17, ఆదివారం, ఢిల్లీ

ట్రయల్స్‌లో ఐదో స్థానం. ముగ్గురినే తీసుకుంటారు.

పన్నెండో కిలోమీటర్ దాకా ముందు గుంపులోనే ఉన్నాను. తర్వాత కాళ్లలో ఏమీ లేదు. నాలుగు నెలలు నేను సరిగ్గా నడవలేదు. దాక్కున్నాను, నిలబడ్డాను.

డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి. పంజాబ్ అమ్మాయి గెలిచింది. కంగ్రాట్స్ అన్నాను. థాంక్స్ అని, తలుపు దాకా వచ్చి, జూలైలో నాకూ ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి అని మెల్లగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆమెది దక్షిణాది కాదు. మరి ఆమెవి అతనెందుకు చూశాడు?

ఫిబ్రవరి 21, గురువారం, రాత్రి 9

దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు. రెండు. టీవీ గదిలో అందరం నేల మీద కూర్చున్నాం. ఒక్కొక్కరి ఫోన్ మోగుతోంది. అందరికీ ఒకటే ప్రశ్న. ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్. నాన్నలు, అన్నలు, ఊళ్లో పక్కింటివాళ్లు. సంధ్యకు ఏడు ఫోన్లు వచ్చాయి.

నాది ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ ఉందో లేదో చూశాను. ఉంది.

ఎనిమిదిన్నరకు మోగింది. ఎల్లేశం. వెనక బోరు మిషన్ చప్పుడు.

"యాడున్నవే?"

"హాస్టల్ల ఉన్న అన్నా."

"బయటికి పోకు."

కట్ అయింది. నలభై సెకన్లు కూడా లేదు. ఈ ప్రశ్నకు నేను ఎన్ని వందల సార్లు జవాబు రాశానో. ఈ రోజు మాత్రం చెప్తూ ఏడ్చాను. సంధ్య టీవీ వాల్యూమ్ పెంచింది, ఎవరికీ వినపడకుండా.

మార్చి 27, బుధవారం

మెయిల్. ఫలితాలు చూసి లిస్టు మార్చారు. ఏప్రిల్ ఒకటి నుంచి నా పేరు లేదు. వేర్‌అబౌట్స్ ఇవ్వనవసరం లేదు. సహకారానికి ధన్యవాదాలు.

లాగిన్ తెరిచి చూశాను. తొంభై గళ్లు, అన్నీ నిండి ఉన్నాయి. అందులో ఢిల్లీ రాత్రులు రెండు తప్ప అన్నీ హాస్టలే. ఏప్రిల్ మీద నొక్కితే ఏమీ రాలేదు.

సంతోషించాలి. నెట్ సెంటర్ ఆయన పనైపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నాను. వచ్చే ఏడాది మెడల్ వస్తే మళ్లీ పిలుస్తారు. నడక మానను. కానీ పద్మ గారు ఇక రారు. ఆమెకు థాంక్స్ చెప్పడానికి నా దగ్గర అడ్రస్ లేదు. ఆమె దగ్గర నావి రెండు ఉన్నాయి.

మార్చి 30, శనివారం

సంధ్య వెళ్లిపోయింది. నోటిఫికేషన్ ఇప్పట్లో రాదని ఇంట్లోవాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆటో ఎక్కే ముందు, ఏమైనా అయితే ఫోన్ చేయి అక్కా, ఏమీ కాకపోయినా చేయి అంది.

రెండో మంచం మీద పరుపు చుట్టి ఉంది.

మార్చి 31, ఆదివారం

ఆఖరి రోజు. ఆరింటికి గేటు దగ్గర నిలబడ్డాను. ఏడింటికి లోపలికి వచ్చాను. ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 1, సోమవారం

ఉదయం ఆరు నుంచి ఏడు దాకా నేనున్న చోటు బాగుంది. ఎక్కడో ఇక్కడ కూడా రాయను.